చిరుజల్లు మేళం మూడో మెట్టు

జినెమ్ టీ కొట్టులో స్పీకరు మోగడం మొదలైతే చాలు, వగిరా తిట్లు కూడా మొదలయ్యేవి. ఊళ్లో అందరికీ అది అలవాటే. పొద్దున పొలాలకు వెళ్లేవాళ్లు అల్లం టీ కోసం ఎంత ఆగేవారో, ఆ తిట్ల కోసమూ అంతే ఆగేవారు.

"ఇదీ ఒక పాటేనా? బిందె మెట్ల మీంచి దొర్లినట్టుంది. బిందె నయం, కింద పడ్డాకైనా ఊరుకుంటుంది" అనేది వగిరా, వేయించిన టెంపే, అదే సోయాగింజల అచ్చు, ముక్క తుంచుకుంటూ.

"ఆ బిందె చప్పుడుకే నా కొట్టు నిండుతోంది ఎంబా. మీ కాలం పాటలు పెడితే ఈగలు కూడా నిద్రపోతాయి" అనేది జినెమ్.

ఎంబా అంటే అవ్వ. వగిరాకి మనవలు లేరు, పిల్లలూ లేరు. అయినా సగం ఊరు ఆమెను ఎంబా అనే పిలిచేది. పాత పాటల ముందు ఇప్పటి పాటలు నిలవవని ఆమె అన్నప్పుడు జనం నవ్వేవారు గాని ఎదురు చెప్పేవారు కాదు. ఆ మాట అనే హక్కు ఊరు మొత్తం మీద ఆమె ఒక్కదానికే ఉందని వాళ్లకు తెలుసు.

ఆ హక్కు ఆమెకు చీపురుతో వచ్చింది. వగిరా నాన్న కౌలురైతు. మూడో తరగతిలో బడి మాన్పించి ఆమెను కర్తో గారింట పనికి పెట్టాడు. ఆ ఇంటి ముందు నాలుగు పక్కలా తెరిచిన మంటపం ఉండేది. మంటపంలో కర్తో గారి తాత పోత పోయించిన కంచు మేళం, గామెలాన్, తెల్లబట్ట కప్పుకుని ఉండేది. మేళాలకూ మనుషుల్లాగే పేర్లుంటాయి. దాని పేరు కియాయి గ్రిమిస్, అంటే చిరుజల్లు స్వామి. వగిరా మంటపం ఊడుస్తూ, విన్న పాటలు తనలో తాను పాడుకునేది. రెబాబు అనే తీగవాద్యం వాయించే సోమో గారు ఒకరోజు కమాను ఆపి, ఆ పిల్ల గొంతు ఎక్కడ నిలబడుతోందో విన్నాడు. చీపురు పక్కన పెట్టి కూర్చోమన్నాడు. ఆమె మేళంలో పాడే మనిషి అయింది అలా.

సోమో గారు ఎక్కువ చెప్పేవాడు కాదు. ప్రతి మేళానికీ అయిదు స్వరాల మెట్లుంటాయనీ, ఏ రెండు మేళాల మెట్లూ ఒక్కలా ఉండవనీ, ఒక ఇంటివాళ్ల ముక్కు ఇంకో ఇంటివాళ్లకు రానట్టే అదీనని అనేవాడు. గ్రిమిస్‌లో మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎడం దాదాపు ఒక్కలాగే ఉండేది. అయితే మూడో మెట్టు, చెవి ఎదురుచూసిన చోటికి వెంట్రుకవాసి పైన ఉండేది. కొత్తవాళ్లు అక్కడ తప్పకుండా తొట్రుపడేవారు. వగిరా ఏడాది పాటు తొట్రుపడింది. తర్వాత ఒక సాయంత్రం ఆ మెట్టు మీద కాలు ఆనింది. కంచు పలకల వణుకు నేల మీంచి తొడల్లోకి, అక్కడి నుంచి రొమ్ములోకి ఎక్కి, చేతుల మీద రోమాలు లేచాయి. సోమో గారు తలెత్తకుండానే, "ఆఁ, అక్కడే. ఇక దిగకు" అన్నాడు.

మేళం చివర పాడే పాట ఒకటుండేది. వాన వెలిసింది, దారి కనిపిస్తోంది, ఇక బయల్దేరండి అని చుట్టాలను సాగనంపే పాట. అది సోమో గారు కట్టింది, గ్రిమిస్ కోసమే కట్టింది. పాట మొత్తం ఆ మూడో మెట్టు చుట్టూ తిరిగి, చివరికి దాని మీదే కూర్చునేది. వగిరాకి ప్రాణమైన పాట అదొక్కటే. సాధన చేసేటప్పుడు వీధిలో ఐస్ బండి బొమ్మ సంగీతం మోగించుకుంటూ వస్తే మేళమంతా ఆపేయాల్సి వచ్చేది. ఆ బండి స్వరాలూ గ్రిమిస్ స్వరాలూ పిల్లీ కుక్కల్లా కొట్టుకునేవి. సోమో గారు కమాను ఊపి, "ఎవరైనా ఓ ఐసు కొని వాణ్ణి పంపించండర్రా" అనేవాడు.

తర్వాత కీబోర్డులు వచ్చాయి. పెళ్లిళ్లలో జనం కంచు మేళం, కీబోర్డు, గిటారు కలిపి వాయించేవాళ్లనే పిలవడం మొదలుపెట్టారు. గ్రిమిస్ కీబోర్డుతో కలిసేది కాదు. పిలుపులు తగ్గిపోయాక కర్తో గారు పట్నం నుంచి శ్రుతి సరిచేసే మనిషిని రప్పించాడు. అతను పనసచెట్టు కింద చాప పరిచి, పలకలను ఒక్కొక్కటే తిరగేసి అడుగున ఆకురాయి పెట్టాడు. కంచు పొడి చాప మీద పసుపులా రాలింది. పని అయ్యేసరికి అయిదు మెట్లలో కొన్ని పొట్టివయ్యాయి, కొన్ని పొడుగువయ్యాయి. మూడో మెట్టు కిందికి దిగి, కీబోర్డు పక్కన బుద్ధిగా నిలబడింది. సోమో గారు ఒక పలక మీద వేలితో తట్టి విన్నాడు. రెబాబును గుడ్డసంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మంటపం ఎక్కకుండానే పోయాడు.

వగిరా వెళ్లలేదు. అప్పటికే మొగుడు పోయాడు, పాట తప్ప వేరే ఆధారం లేదు. ఇరవై ఏళ్లకు పైగా కొప్పులో పూలు పెట్టుకుని, చేతిలో మైకు పట్టుకుని, కీబోర్డు పక్కన పాడింది. పాడుతున్నంతసేపూ, ఇది పైపై బట్ట, అసలుది లోపల ఉంది అనుకునేది. పెట్టె అడుగున దాచిన పట్టుబట్టలా ఆ మూడో మెట్టు తన దగ్గర భద్రంగా ఉందనుకునేది. భద్రంగా ఉన్నదాన్ని రోజూ తీసి చూసుకోవాల్సిన పనేముంది? కొట్టులో ఇప్పటి పాటలను తిట్టేటప్పుడు ఆమె చెయ్యి ఆ పెట్టె మూత మీదే ఉండేది.

కర్తో గారు పోయాక, మనవరాలు హెస్తి సోలో పట్నంలో సంగీతం చదువుకుని ఊరికి వచ్చింది. కోతలయ్యాక జరిగే ఊరి శుద్ధి పండగకి గ్రిమిస్‌ను పాత శ్రుతిలో వినిపిస్తానంది. ముసలివాళ్ల దగ్గర ఆ నాటి క్యాసెట్ ఒకటి బయటపడింది గాని, యంత్రంలో పెడితే పాత మేళం వినిపించలేదు. ఎవరో దాని మీద డిస్కో పాటలు ఎక్కించేశారు.

శ్రుతి చేయడానికి సుమాజి అనే ఆయన వచ్చాడు. పలకలను అరచేతిలో పెట్టి బరువు చూశాడు. ఇవి ఇప్పటికే పలచబడ్డాయనీ, ఇంకొక్కసారి మాత్రం ఆకురాయిని తట్టుకుంటాయనీ, అది గురి తప్పితే పాత ఇనపసామాను వాడికి వేసుకోవడమేననీ చెప్పాడు. పాత శ్రుతి తెలిసిన గొంతు ఒకటి కావాలన్నాడు. అందరూ ఒక్కసారే వగిరా వైపు తిరిగారు.

ఆమె ఎంత సిగ్గుపడిందో అంత పొంగిపోయింది. ముందురోజు ఉపవాసం ఉంది, గొంతు సాఫీగా ఉండాలని కచ్చూరం రసం తాగింది, నేరేడురంగు రవిక వేసుకుంది. మంటపంలో సుమాజి మూడో పలక మీద కొట్టి, పాడమని సైగ చేశాడు. వగిరా పాడింది. సుమాజి పలకను చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ కొట్టాడు. మళ్లీ పాడమన్నాడు. ఆకురాయి అతని మోకాలి మీదే ఉండిపోయింది.

"ఎంబా, దీనికి పని లేదు. మీరు పాడిందీ ఇదీ ఒకటే" అన్నాడు.

వగిరా నవ్వింది. "నువ్వు ముందే కొట్టి వినిపిస్తివి. గొర్రె మందను చూశాక ఊరుకుంటుందా, వెనకాలే పోతుంది. కొట్టకుండా విను."

కొట్టకుండా విన్నాడు. అప్పుడూ ఆకురాయికి పని పడలేదు. వగిరా ఈసారి నవ్వలేదు. ఊళ్లో స్పీకర్ల హోరులో చెవి మైలపడిందనీ, కొన్నాళ్లు గడువు ఇవ్వమనీ అడిగింది.

హెస్తి ఆమెను మోటారుసైకిలు మీద ఎక్కించుకుని, టేకు అడవి అంచున ఉన్న చెల్లెలి ఇంట్లో దింపి వచ్చింది. అక్కడ స్పీకర్లు లేవు. చెల్లెలి రేడియోను వగిరా మొదటిరోజే కోళ్లగూట్లో పెట్టించింది. పొద్దున్నే అడవిలోకి వెళ్లి, ఎండిన టేకాకుల మీద కూర్చుని, పెట్టె మూత తీసినట్టు నోరు తెరిచేది. చుట్టాలను సాగనంపే పాట మొదలుపెట్టేది. మొదటి మెట్టు, రెండో మెట్టు వచ్చేవి. మూడోదాని కోసం గొంతు పైకి వెళ్లేది, వెంట్రుకవాసి కోసం వెతికేది. ఒకసారి మరీ పైకి పోయేది, ఒకసారి వణికేది, చివరికి ఒక చోట హాయిగా కూర్చునేది. ఆ హాయే ఆమెకు అనుమానంగా ఉండేది. మూడో మెట్టు ఎప్పుడూ హాయిగా ఉండేది కాదు. ఒకరోజు మాత్రం చేతుల మీద రోమాలు లేచాయి. వచ్చేసిందనుకుంది. అప్పుడు చలిగాలి కూడా వీస్తోంది. ఆ సంగతి ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

చెవులకు గుడ్డ చుట్టుకుని, దారిలో ఎవరినీ పలకరించకుండా తిరిగి వచ్చింది. ఆమె వెళ్తుంటే జినెమ్ స్పీకరు కట్టేసి లేచి నిలబడింది. మంటపంలో వాద్యాలన్నిటి మీదా తెల్లబట్టలు కప్పి ఉంచారు. వగిరా గుడ్డ విప్పి, కళ్లు మూసుకుని, పాట మొదటి నుంచి చివరి దాకా పాడింది.

ముసలివాళ్లు చాపల మీద కూర్చుని ఏడ్చారు. ఇదే, ఇదే ఆనాటిది అన్నారు. ఒకాయన సోమో గారి పేరు తలుచుకున్నాడు. హెస్తి కళ్లు తుడుచుకుంది. అప్పుడే గేటు ముందు రొట్టెల బండి ఆగింది. దాని డబ్బా సంగీతం రోజులాగే మోగింది. వగిరా పాడిన ఆఖరి స్వరం ఇంకా మంటపం కప్పు కింద ఉంది. రొట్టెల బండి పాట వచ్చి దాని పక్కన కూర్చుంది. పిల్లీ లేదు, కుక్కా లేదు. రెండూ ఒక తల్లి పిల్లల్లా కలిసిపోయాయి.

ఏడుస్తున్నవాళ్లకు ఆ సంగతి తెలియలేదు. సుమాజికి తెలిసింది. అతను బట్ట తొలగించి మూడో పలకను మెల్లగా తట్టి, వగిరా దగ్గరికి జరిగాడు.

"మీరు ఎలా చెప్తే అలా చేస్తాను ఎంబా" అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా. "వీళ్లకి ఇదే పాతది. నేను ఆకురాయిని ఉత్తినే నాలుగుసార్లు ఆడించి లేస్తాను. పలకలకీ నొప్పి ఉండదు, పండగా బాగా జరుగుతుంది."

వగిరా చాపల మీది మొహాలను చూసింది. అవును అంటే చాలు. చచ్చేదాకా ఊళ్లో ఆ హక్కు ఆమెకు ఉంటుంది. ఆమె ఒళ్లో చేతులు చూసుకుంది. రోమాలు పడుకునే ఉన్నాయి.

"అమ్మాయ్, హెస్తీ," అంది, అందరికీ వినపడేలా. "అది నా దగ్గర లేదు. నేను పాడింది కీబోర్డుదే."

ముసలివాళ్లు ఒప్పుకోలేదు. ఉపవాసాలతో నీరసించి ఏదో అంటోందన్నారు. ఆ పాట తాము విన్నదేననీ, చెవులు తమకూ ఉన్నాయనీ అన్నారు. హెస్తి వచ్చి ఆమె మోకాళ్ల దగ్గర కూర్చుంది.

"తప్పని మీకు తెలుస్తోంది కదా ఎంబా. తప్పు తెలుస్తోందంటే ఒప్పు ఎక్కడో లోపల ఉన్నట్టే కదా. ఇంకొన్నాళ్లు ఆగుదాం."

"ఇంట్లో కుండ లేదని తెలుస్తుంది తల్లీ. తెలిసినంత మాత్రాన కుండ దొరుకుతుందా?"

సుమాజి ఆకురాయిని నూనెగుడ్డలో చుట్టుకున్నాడు. పోనీ సోలోలో ఏదైనా పాత మేళాన్ని చూసి దాని శ్రుతి పెడదామా అని హెస్తి అడిగింది. పెట్టవచ్చు గాని, అది ఇంకొకరి ముక్కు తెచ్చి మీ తాత మొహానికి అతికించినట్టవుతుందని అతను చెప్పాడు. హెస్తి లేచింది. పలకల మీద తెల్లబట్టలు కప్పేసింది.

పండగ జరిగింది. కీబోర్డు అద్దెకు తెచ్చారు. వగిరా నేరేడురంగు రవిక వేసుకుని, చివర్లో సాగనంపే పాట పాడింది. జనం లేచి అన్నాల పొట్లాలు పట్టుకుని వెళ్తూ, ఎంతైనా పాత పాట పాత పాటే, ఇప్పుడు ఇలాంటివి ఎవరు కడుతున్నారు అని చెప్పుకున్నారు. వగిరా మైకు అందించి, కొప్పులోంచి పూలు తీసేసింది.

మర్నాడు పొద్దున జినెమ్ కొట్టులో స్పీకరు మోగుతోంది. వగిరా రోజూ కూర్చునే బల్ల చివర కూర్చుని టీ పట్టుకుంది. పొలాలకు వెళ్లేవాళ్లు కాసేపు ఆగి చూశారు. ఆమె ఏమీ అనకపోయేసరికి పలుగులు భుజాన వేసుకుని వెళ్లిపోయారు. జినెమ్ స్పీకరు చప్పుడు ఇంకొంచెం పెంచింది.

"ఏంటి ఎంబా, ఇవాళ తిట్టరేం? మీ నోట నాలుగు మాటలు పడందే నా టీ మరగదు."

వగిరా టీ మీది ఆవిరి ఊదింది. స్పీకరులో పిల్లెవరో, వాడు ఫోను ఎత్తడం లేదని పాడుతోంది. ఒక చరణం పోయింది. రెండో చరణంలో వగిరా పెదవులు కదిలాయి. గొంతు దానంతట అది లేచింది.

జినెమ్ గరిటె ఆపి పకపకా నవ్వింది. "చూశారా! మీకూ నచ్చింది."

వగిరా పాడుతూనే ఉంది. మూడో మెట్టు వచ్చింది, వెళ్లింది. పాట అయిపోయేదాకా ఆమె గొంతు ఎక్కడా తగలకుండా, తేలిగ్గా, దానితో పాటే నడిచింది.