నరం కాదన్నా, నెత్తురు కాలవ

నిన్న నెల్లూరు ఆసుపత్రిలో నా మనవడి చేతికి స్పిరిట్ దూది రాస్తుంటే, ఆ వాసనకి దానమ్మ సిస్టర్ గుర్తొచ్చింది. వాడికి రక్తం క్యాన్సరు. మందు ఎక్కించడానికి ఏ గొట్టం మంచిదో డాక్టరు మాకు రకరకాలు చూపించాడు. ఛాతీ మీద చర్మం కింద దాచి పెట్టే చిన్న డబ్బీ కూడా ఉందట.

అరవైల్లో నేను నర్సుగా చేరినప్పుడు ఇన్ని ఎక్కడివి? ఉడకబెట్టి, సానపట్టి మళ్ళీ మళ్ళీ వాడే స్టీలు సూది ఒకటి. బిడ్డ కాస్త కదిలితే జారి చెయ్యంతా ఉబ్బిపోయేది. అది కుదరకపోతే చర్మం కోసి, రక్తనాళంలోకి సన్నటి గొట్టం దూర్చి కట్టేవాళ్ళు. అది కదలదు గానీ, ఆ నాళం మాత్రం ఇక పనికిరాదు. పిల్లల వార్డుకు దానమ్మగారు పెద్ద సిస్టరు. సూది మొద్దుగా ఉంటే, "విమలా, ఇది నీ చేతికి గుచ్చుకో ముందు" అనేది. ఆమెంటే నాకు హడల్.

మైపాడు నుంచి పోలయ్య అనే, సముద్రంలో చేపలు పట్టే పల్లెకారు తన కూతురు మంగను నెలనెలా రక్తం ఎక్కించడానికి తెచ్చేవాడు. ఆ పిల్లకి ఒంట్లో నెత్తురు నిలవని జబ్బు. ఒకరోజు సూది ఎక్కడా దిగలేదు. "నరం కోసి గొట్టం పెడదాం" అన్నాడు డాక్టరు. మా వైపు రక్తనాళాన్నీ నరమనే అంటాం. పోలయ్య బిడ్డను భుజాన వేసుకుని వరండాలోకి నడిచాడు.

"నరం కోస్తే చెయ్యి పడిపోద్ది సిస్టరమ్మా. రేపు ముద్దెట్టా తింటది? నేను ఇంటికి తీసుకుపోతా."

మంగ పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఇంటికి పోతే ఆ పిల్ల దక్కదని మాకు తెలుసు. దానమ్మగారు అడ్డం నిలబడింది.

"నరం కాదన్నా, నెత్తురు కాలవ. పూడినా చెయ్యి పడిపోదు."

"పూడితే మళ్ళీ పారదా?"

"పారదు."

నాకు ఒళ్ళు మండింది. పారుతుందని ఒక్క అబద్ధమాడితే పనైపోయేది కదా! కానీ పోలయ్య ఆగాడు. ఆమె ముఖంలోకి చూసి, బిడ్డను మంచం మీద పడుకోబెట్టాడు.

మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన రెక్కల సూదులు కొన్ని పసిగుడ్ల కోసం దాచి ఉంచారు. పొట్టి సూది, పక్కన రెండు రెక్కలు; వాటిని చర్మానికి అంటిస్తే కదలదు. కోసే ముందు దీన్నొకసారి చూద్దామని ఆమె డాక్టర్ని ఒప్పించి, మంగ అరచేతి వెనక గుచ్చింది. రక్తం ఎక్కింది. ఆ తర్వాత మంగ వచ్చినప్పుడల్లా రెండు చేతులూ చాపి, "ఈ పొద్దు ఏ కాలవ సిస్టరమ్మా?" అని అడిగేది.

కొన్నేళ్ళు అలా నడిచింది. చివరికి సూదికి చోటు మిగల్లేదు. కోసి గొట్టం పెట్టినా ఒళ్ళు అందుకోలేదు.

"ఇంక నిలవదా సిస్టరమ్మా?" అన్నాడు పోలయ్య.

"నిలవదన్నా" అని, ఆమె అతని పక్కనే వరండా గచ్చు మీద కూర్చుంది. ఆ పూట వార్డుకి రాలేదు.

నిన్న మనవడు సూది వైపు చూసి, "నొప్పి పుడుతుందా అమ్మమ్మా?" అన్నాడు. పుట్టదులే అనబోయింది నా కూతురు.

"పుడుతుంది నాయనా" అని, వాడి రెండో చెయ్యి పట్టుకున్నాను.