తిప్పమ్మ వేళ్లు

మొగుడు పోయాక తిప్పమ్మ వేరుశనగ చేలలో కలుపు కూలికి పోలేదు. బిడ్డను గట్టు మీద చీమలకు వదిలేసే పని ఏ తల్లికి కావాలి? హిందూపురంలో పట్టుగూళ్ల నుంచి దారం తీస్తే రెట్టింపు కూలి. పైగా పొయ్యి ఇంట్లోనే, పిల్లలిద్దరూ కళ్లముందే. ఆరేళ్లపాటు మరిగే నీళ్లలో వేళ్లు ముంచి దారపు కొసలు వెతికింది. పిల్లలకు ఏ పూటా కూడు తప్పలేదు.

పంతొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలంలో ఒకరోజు చిన్నది పొద్దుటినుంచీ మూలుగుతూ పడుకుంది. తిప్పమ్మ పని మధ్యలో లేచి లేచి నుదురు తాకింది.

"జ్వరం లేదులే, పండుకోమ్మా" అంది.

సాయంత్రం పక్కింటి లక్ష్మీనరసమ్మ వచ్చి బిడ్డను ముట్టుకుని అదిరిపడింది.

"ఏమే, ఒళ్లు పెనం మాదిరి కాల్తాండాది! నీకు తెలీలేదా?"

తిప్పమ్మ మళ్లీ తాకింది. ఉడికి ఉడికి మొద్దుబారిన వేళ్లకు ఏమీ తెలియలేదు. వంగి, చెంపను బిడ్డ నుదుటికి ఆనించింది. చెంప చుర్రుమంది. బిడ్డ మూలుగు ఆగిపోయి అప్పటికే చాలాసేపయింది; ఇప్పుడు ఊపిరి కూడా ఆడటం లేదు.