శబరిమల వెళ్ళని స్వామి

మా అన్నయ్య ఎయిడ్స్‌తో పోయాడు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అతను మాత్రం బతికుండగానే, సెలూన్‌లో, జనం ముందు చెప్పేశాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. హనుమాన్ జంక్షన్‌లో అన్నయ్యకు సొంత లారీ ఉండేది. నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు అక్కడికి వెళ్ళేవాణ్ణి. అప్పటికే ప్రభుత్వం ఎయిడ్స్ మీద యుద్ధం ప్రకటించింది. మైకు కట్టిన జీపు తిరిగేది. లారీ స్టాండులో నాటకాలు వేసేవారు. వాటిలో జబ్బు వచ్చేది ఎప్పుడూ లారీ డ్రైవరుకే, చివర్లో చచ్చిపోయేదీ అతనే. రోడ్డు వారగా ఒక గోడ మీద 'ఎయిడ్స్ తాకితే రాదు' అని పెద్ద అక్షరాలతో రాయించారు. 'తాకితే' అన్న మాట మీద ఎవరో సినిమా పోస్టరు అంటించారు. 'ఎయిడ్స్ రాదు' అని మిగిలింది. మా డ్రైవర్లు అదే నమ్మారు.

మందులు అప్పటికి కొనుక్కోగలిగినవాళ్ళకే. ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టేనాటికి అన్నయ్య లేడు. మా వంతుకు వచ్చింది ప్రచారమే.

అన్నయ్యకు జ్వరం ఎంతకీ వదలకపోతే విజయవాడలో ఇద్దరికీ పరీక్ష చేయించాం. వదినకు లేదని తేలింది, అన్నయ్యకు ఉంది. అక్కడ ఒక అమ్మాయి వదినను కూర్చోబెట్టి, కలిసి తినొచ్చు, బట్టలు కలిపి ఉతకొచ్చు, తాకితే ఏమీ కాదు అని ఓపిగ్గా చెప్పింది. వదిన అన్నిటికీ "సరేనండీ" అంది. ఇంటికి రాగానే అన్నయ్య కంచం, గ్లాసు, చాప వేరు చేసింది.

"ఆ అమ్మాయి అంతసేపు చెప్పింది కదా వదినా," అన్నాను.

"చెప్పటం ఆవిడ పని. పిల్లల్ని పెంచటం నా పని," అంది.

అన్నయ్య జబ్బు సంగతి మేం కాక ఇంకొక్కడికే తెలుసు. సెలూన్ అతను. ఇద్దరూ అయిదో తరగతి దాకా ఒకే బెంచీ. ఆదివారం అతని కుర్చీలో కూర్చుని గడ్డం గీయించుకోవడం, ఊళ్ళోవాళ్ళందరినీ తిట్టుకోవడం అన్నయ్యకు లారీ తరవాత లారీ అంతటి సుఖం. అందుకే చెవిలో నిజం చెప్పి, "కొత్త బ్లేడు వెయ్యి," అన్నాడు.

"నీకు కొత్త బ్లేడు చాలదురా, కొత్త షాపే కావాలి," అన్నాడు సెలూన్ అతను. తరవాత గొంతు తగ్గించాడు. "తెలిస్తే ఒక్కడు గుమ్మం ఎక్కడు. చీకటి పడ్డాక ఇంటికొచ్చి గీస్తాలే."

"ఇంటికొచ్చి గీసేది పెళ్ళికొడుక్కీ, మంచం పట్టినోడికీ. నాకు పెళ్ళయిపోయింది. మంచం ఇంకా ఎక్కలా," అని అన్నయ్య లేచి వచ్చేశాడు.

ఇక గడ్డం తీయనన్నాడు. గడ్డం పెరిగింది, మనిషి తగ్గాడు. ఇంతలో కార్తీకమాసం వచ్చింది. చలికి వదిన నల్ల శాలువా కప్పింది. ఒక ఉదయం అరుగు మీద కూర్చున్న అన్నయ్యను చూసి ఎదురింటి కిరాణా కొట్టు ఆయన ఆగాడు.

"స్వామి శరణం! మాల ఎప్పుడేసుకున్నారు స్వామీ?"

అన్నయ్య నోరు తెరిచేలోపు వదిన లోపలినుంచి, "మొన్ననేనండీ," అంది.

అంతే. మా కష్టాలన్నిటికీ అయ్యప్ప పూచీ పడ్డాడు. గడ్డం ఎందుకు? దీక్ష. చిక్కిపోయాడేం? ఒంటిపూట భోజనం. వేరే కంచం, వేరే చాప? నియమం. పుస్తకాలు చదివే నేను ఇంత పకడ్బందీ అబద్ధం ఏ నవలలోనూ చూడలేదు. శాలువా కింద మాల ఉందో లేదో తీసి చూసే సాహసం ఎవరు చేస్తారు?

జనం వచ్చి అన్నయ్య కాళ్ళకు దణ్ణం పెట్టడం మొదలుపెట్టారు. నిజం తెలిస్తే వీధి ఆ పక్కనుంచి నడిచేవాళ్ళు వంగి పాదాలు తాకి కళ్ళకద్దుకుంటున్నారు. కిరాణా ఆయన రోజూ కొట్టు తెరిచే ముందు వచ్చేవాడు.

"నా కాళ్ళు పట్టుకున్న చేత్తోనే వెళ్ళి బెల్లం తూస్తున్నాడ్రా," అనేవాడు అన్నయ్య. "గోడ మీద రాసింది నేను ఆచరణలో పెట్టిస్తున్నా. జీపువాళ్ళు నాకు జీతం ఇవ్వాలి."

నవ్వేవాడు గానీ, వాళ్ళు వచ్చినప్పుడల్లా పాదాలు శాలువాలోకి లాక్కునేవాడు.

మకరజ్యోతి చూసి ఊళ్ళో స్వాములంతా తిరిగొచ్చారు. ఇక గడ్డానికి సాకు లేదు. అన్నయ్యను నాతో విజయవాడ తీసుకుపోయి, అక్కడ గీయించి, ఆలస్యంగానైనా కొండకు వెళ్ళొచ్చాడని చెబుదామంది వదిన. మంచి ఆలోచనే అన్నాను.

"తెలీనోడి దగ్గర దొంగలా గీయించుకోవాలా?" అన్నాడు అన్నయ్య. "నా ఊళ్ళో, నా కుర్చీలో తీస్తే తియ్యాలి. లేకపోతే గడ్డంతోనే పోతా."

వదిన ఏడ్చింది. అతను నా భుజం పట్టుకుని బయల్దేరాడు.

ఆదివారం కావడంతో సెలూన్ నిండా గడ్డాలే. కిరాణా ఆయన జారబడి పేపరు చదువుతున్నాడు. అన్నయ్యను చూసి అందరూ లేచారు. "రండి స్వామీ, ముందు మీరు కానివ్వండి." సెలూన్ అతని చేతిలో కత్తెర ఆగిపోయింది.

"నేను స్వామిని కాదండీ," అన్నాడు అన్నయ్య. శాలువా తీశాడు. మెడలో ఎముకలు తప్ప ఏమీ లేవు. "నాకు ఎయిడ్స్. గడ్డం చేయించుకుందామని వచ్చా."

రేడియో మాత్రం పాడుతూనే ఉంది. ముగ్గురు ఒకేసారి పనులు గుర్తొచ్చి వెళ్ళిపోయారు. సెలూన్ అతను అద్దం పైకి చూశాడు. అక్కడ, ఎయిడ్స్ మీటింగులో భోజనం ప్యాకెట్టుతో పాటు ఇచ్చిన పోస్టరు ఉంది: తాకితే రాదు, కొత్త బ్లేడు వాడండి.

"ఏడ్చినట్టుంది నీ టైమింగు. కూర్చో," అన్నాడు.

అందరికీ కనపడేలా బ్లేడు కాగితం చించాడు. అలవాటుగా బ్లేడును రెండుగా విరిచి, సగం కత్తికి బిగించి, రెండో సగాన్ని ఏం చేయాలో తెలియక కాసేపు పట్టుకుని, డబ్బాలో పారేశాడు. చెవుల దాకా నురగ పట్టించాడు. ఎక్కడా తెగకుండా గీశాడు. గడ్డం పోయాక అద్దంలో చెంపలు లోతుగా కనిపించాయి.

"గడ్డమే నయంరా," అన్నాడు అన్నయ్య.

"మొదట్నుంచీ అంతే నీ మొహం," అని సెలూన్ అతను పౌడరు అద్ది, అడగకుండానే తల మర్దన చేశాడు. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు.

అతను లేచాక కుర్చీ ఖాళీగా ఉంది. తరవాతి వంతు కిరాణా ఆయనది. గుమ్మం వైపు ఒకసారి, పోస్టరు వైపు ఒకసారి చూశాడు.

"కుర్చీ తుడువు," అన్నాడు.

సెలూన్ అతను తుడిచాడు. కిరాణా ఆయన కూర్చున్నాడు. చేతులు మాత్రం కుర్చీ పిడుల మీద పెట్టకుండా ఒళ్ళో ముడుచుకున్నాడు.