ఇరవై మూడో కాగితం

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు మెల్లగా టీచర్. మెట్లు దిగేవాళ్లని మెల్లగా అంటుంది, బెంచీ జరిపేవాళ్లని మెల్లగా అంటుంది, చివరికి సరైన జవాబు గట్టిగా చెప్పిన పిల్లవాణ్ని కూడా మెల్లగా అంటుంది, పక్క గదిలో లెక్కల మాస్టారు ఏమనుకుంటాడో అని. ఎవరేమనుకుంటారో అన్నది ఆవిడకి చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. తొమ్మిదేళ్లుగా ఆ హైస్కూల్లో సోషల్ చెబుతోంది. తొమ్మిదేళ్లుగా తాత్కాలికమే. ఏటా సెలవుల చివర్లో కమిటీవాళ్లు ఒక కాగితం ఇస్తారు, ఇంకో ఏడాది రావచ్చని. ఆ కాగితం చేతికొచ్చేదాకా ఆవిడకి ముద్ద దిగదు.

ఇలాంటి మనిషికి హక్కుల పాఠం చెప్పే పని తగిలింది. ఏటా వచ్చే చాప్టరే. పౌరుడెవరు, ప్రజాస్వామ్యమంటే ఏమిటి, చట్టం ముందు అందరూ సమానమని ఎందుకంటారు. రెండు పీరియడ్లు చదివించి, ముఖ్యమైన వాక్యాల కింద పెన్సిలుతో గీతలు కొట్టించి, అయిదు ప్రశ్నలకి జవాబులు బట్టీ పట్టించి చేతులు దులుపుకునేది.

ఈ ఏడు పదో తరగతిలో వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. వాగుడు ఆపడని వాడికి రేడియో అని పేరు.

"టీచర్, ఇది పరీక్షకా, నిజానికా?"

క్లాసంతా గొల్లుమంది. కూర్చోరా అంటే అయిపోయేది. ఆవిడ ఎందుకో అనలేకపోయింది.

"రెండింటికీ" అంది.

"నిజానికైతే ఎక్కడుంది టీచర్? మాకూ చూపిస్తే చూసొస్తాం."

మళ్లీ నవ్వులు. ఈసారి అందరూ నవ్వలేదు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు తలలు వంచుకున్నారు. ఆవిడ అది చూసింది. చూశాక చూడనట్టు ఉండటం ఆ రోజు ఆవిడ వల్ల కాలేదు.

"కాగితాలు తీయండి" అని బోర్డు మీద రాసింది: నువ్వెవరివో చూసి, నిన్ను వేరుగా చూసిన రోజు ఒకటి రాయి. పేరు రాయొద్దు.

"ఇంట్లోది రాయొచ్చా టీచర్?"

"రాయొచ్చు."

"బడిలోది?"

ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసింది. "రాయొచ్చు."

పక్కవాడి కాగితంలోకి తొంగిచూడకుండా అందర్నీ పరీక్ష వరసలో కూర్చోబెట్టింది. ఒకటో నంబరు మొదటి బెంచీ, నలభై ఒకటో నంబరు చివర. పీరియడ్ అయ్యేసరికి క్లాసు లీడరు ఎప్పట్లాగే ముందునుంచి వెనక్కి వరసగా కాగితాలు తీసుకొచ్చింది. ఆవిడా ఎప్పట్లాగే స్టాఫ్ రూములో కూర్చుని, ఒక్కటి కూడా పోకూడదని, ఎర్ర పెన్నుతో మూలన నంబర్లు వేసింది. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా. తొమ్మిదేళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే చేసుకుపోయింది.

సుద్ద చేతులు కడుక్కుని వచ్చేసరికి డ్రిల్లు మాస్టారు ఆవిడ కుర్చీలో కూర్చుని కాగితాలు తిప్పుతున్నాడు. మెళ్లో విజిల్. నోట్లో నవ్వు.

"ఏంటి మేడమ్, కోర్టు పెట్టారా? కేసులు బాగానే వచ్చాయే!" అన్నాడు. తరవాత ఒక కాగితం దగ్గర నవ్వు ఆగిపోయింది. పెదాలు కదిలిస్తూ చివరిదాకా చదివాడు. లేచి, ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోయాడు. ఏమన్నా అనుంటే బాగుండేదని ఆవిడకి ఆ తరవాత చాలాసార్లు అనిపించింది. కాగితాలు సంచిలో కుక్కుకుని, మిగతా పీరియడ్లు ఎలా చెప్పిందో తెలియకుండా చెప్పి, ఇంటికొచ్చింది.

సాయంత్రం ఆరింటికి హెడ్మాస్టారి ఫోను.

"రేపు పదింటికి కమిటీ ప్రెసిడెంటుగారు వస్తున్నారమ్మా. ఆ కాగితాలన్నీ పట్రండి. ఒక్కటి తగ్గకూడదు. మీరు నంబర్లు కూడా వేశారట కదా, మంచి పని చేశారు."

ఫోను పెట్టేశాక ఆ మంచి పని ఏమిటో ఆవిడకి అర్థమైంది. పరీక్ష వరసలో కూర్చోబెట్టింది. వరస తప్పకుండా పోగుచేయించింది. పైన తన చేత్తో నంబరు వేసింది. ఆ నంబరు పిల్లల హాజరు నంబరే. పేరు రాయొద్దని చెప్పి, నలభై ఒక్కమంది పేర్లూ తనే రాసింది.

వంటింటి గట్టు మీద కాగితాలు పరిచింది. ఇరవై మూడో కాగితం ఇలా ఉంది:

"మరుగుదొడ్లు అందరూ వంతులవారీగా కడగాలని బడి గోడ మీద రాసి ఉంది. ఈ ఏడు పదకొండుసార్లు పిలిచారు. పదకొండుసార్లూ వెనక వీధి పిల్లల్నే పిలిచారు. మేమైతే బాగా కడుగుతామట. ఒకసారి నేను ఇవాళ నా వంతు కాదన్నాను. మీకు పుట్టుకతో వచ్చిన పనే కదా అని డ్రిల్లు మాస్టారు అన్నారు. ఆ రోజు క్లాసులో ఏ పాఠం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు."

ఇరవై మూడంటే కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి. చేతి గోళ్లు కొరుకుతుంది. మ్యాపు గీస్తే నదులు అచ్చుగుద్దినట్టు వస్తాయి. పబ్లిక్ పరీక్షలకి ఇంకా రెండు నెలలుంది. ప్రవర్తన బాగాలేదని టీసీ చేతిలో పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. అలా పెట్టిన పిల్లలు ఆవిడకి ఇద్దరు తెలుసు. ఒకడు ఇప్పుడు లారీలు కడుగుతున్నాడు. రెండోవాడు ఏమయ్యాడో ఎవరికీ తెలియదు.

సంచిలోంచి హాజరు పట్టీ తీసింది. పీరియడ్ మధ్యలో పిల్లల్ని పిలిస్తే గైర్హాజరు పడకుండా గడిలో చిన్నగా 'డ్రి' అని రాస్తుంది. వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండు. అన్నీ ఆవిడ పీరియడ్లోవే. లెక్కల పీరియడ్లోంచి పిల్లల్ని ఎవరు తీస్తారు? సోషలే కదా. పదకొండుసార్లూ అటెండరు గుమ్మంలో నిలబడితే, పాఠం ఆపి, "వెళ్లండమ్మా, మెల్లగా" అని పంపింది తనే.

భయం ఆవిడకి కొత్త కాదు గానీ ఇది వేరే రకం భయం. తనని చూసి తనకే.

బస్సు కండక్టరైన భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి ఆవిడ కత్తెరతో కాగితాల మూలలు కత్తిరిస్తోంది.

"ఏంటిది, అలంకరణా?" అన్నాడు.

చెప్పింది. ఆయన చొక్కా గుండీలు విప్పడం ఆపి విన్నాడు.

"నంబరు తీసేస్తే సరిపోద్దా? దస్తూరి ఉందిగా. నోటు పుస్తకం పక్కన పెట్టి చూస్తే పట్టేస్తారు."

"మరేం చెయ్యమంటారు?"

"ఇచ్చెయ్. లేదా చింపి పారెయ్. మధ్యలో వేలాడకు. నీ ఉద్యోగం సంగతి చూసుకోవాలి కదా మనం."

చింపితే మర్నాడు డ్రిల్లు మాస్టారు నవ్వుతూ ఏమంటాడో ఆవిడకి తెలుసు. అబ్బే, అలాంటి కాగితమే లేదండీ అంటాడు. పన్నెండోసారి పిలుస్తాడు. తెల్లకాగితాల కట్ట తెచ్చి భర్త ముందు కూర్చుంది.

"మీరు చదవండి. నేను రాస్తాను."

ఆయన గొణుక్కుంటూనే మొదలుపెట్టాడు. స్టాపుల పేర్లు అరిచే గొంతు ఆయనది. ఆ గొంతుతోనే చదివాడు. నత్తి ఉన్న పిల్లవాడు నాటకంలో చెట్టు వేషం వేసిన సంగతి. అన్నకి సైకిలు కొని, చెల్లెలికి నడక ఆరోగ్యమని చెప్పిన సంగతి. ఇంకో పిల్ల వాళ్లమ్మ మాట యాసని దుకాణంలో అందరూ అనుకరించిన సంగతి. పదో కాగితం దగ్గరికి గొంతు తగ్గింది. ఇరవై మూడో కాగితం ఆయన రెండుసార్లు చదివాడు, రెండోసారి ఆవిడ అడక్కుండానే.

"ఈ పిల్ల ఎవరు?"

"మీకు కూడా చెప్పను."

ఆయన కోపగించుకోలేదు. తరవాతది తీశాడు. గదిలో మంచం మీంచి అత్తగారు కేకేసింది. "అమ్మాయ్, ఇవాళ కూర ఉందా, కాగితాలే తినాలా?"

పొద్దున్న లేచేసరికి అసలు కాగితాల కట్ట గట్టు మీద లేదు. సంచి తిరగేసింది, బియ్యం డబ్బా వెనక చూసింది. పెరట్లో పొయ్యి దగ్గర అత్తగారు చేతులు కాచుకుంటోంది.

"అత్తయ్యా, కాగితాలు..."

"నీళ్లు కాగాయి. స్నానానికి రా" అంది ముసలావిడ. "నిన్న మీ ఇద్దరి మాటలూ విన్నాలే. చెవుడు నాకు అవసరమైనప్పుడే ఉంటుంది. భయపడేవాళ్ల ఇంట్లో అలాంటివి ఉంచకూడదు. అడిగితే ఇచ్చేస్తారు."

బడి గేటు దగ్గర ఇరవై మూడో నంబరు అమ్మాయి నిలబడి ఉంది. గోళ్లు కొరకడానికి ఇంకేం మిగల్లేదు.

"టీచర్, మీ మీదికి వచ్చిందటగా. రాసింది నేనేనని చెప్పేస్తాను."

"ష్! మెల్లగా" అంది ఆవిడ, అటూ ఇటూ చూస్తూ. "నువ్వు క్లాసుకెళ్లు."

"మొన్న పాఠంలో మాట్లాడే హక్కు అని బోర్డు మీద రాశారు కదా టీచర్?"

ఆ పిల్ల వెక్కిరించడం లేదు. నిజంగానే అడుగుతోంది. ఏం చెప్పాలి? హక్కుందమ్మా, వాడుకుంటే మాత్రం నీ పదో తరగతి పోతుందనా?

"రాశాను. రాసింది నేను కాబట్టి ఇవాళ నేను మాట్లాడతాను. నువ్వు మాట్లాడే రోజు నువ్వు ఎంచుకో. ఇవాళ హెడ్మాస్టారి గదిలో, వాళ్ల ముందు ఒక్కదానివే నిలబడి కాదు. నా మాట విను తల్లీ, వెళ్లు."

అమ్మాయి వెళ్లింది, వెనక్కి చూస్తూ. తను చెప్పింది ధైర్యమో పిరికితనమో ఆవిడకే తేలలేదు.

హెడ్మాస్టారి గదిలో ప్రెసిడెంటు, డ్రిల్లు మాస్టారు కూర్చుని ఉన్నారు. ఆవిడకి కుర్చీ చూపించలేదు. కట్ట బల్ల మీద పెట్టింది. ప్రెసిడెంటు కళ్లజోడు పెట్టుకుని రెండు కాగితాలు చూశాడు, మూడోది చూశాడు.

"ఇదేంటమ్మా? అన్నీ ఒకే దస్తూరి?"

"నాదేనండి."

"పిల్లలు రాసినవేవి?"

"లేవండి. కాలిపోయాయి."

హెడ్మాస్టారు నుదురు పట్టుకున్నాడు. "అమ్మా, మీరు నెమ్మదస్తులనుకున్నాను."

"ఆ కాగితం మీద నంబరు చూశావా నువ్వు?" ప్రెసిడెంటు డ్రిల్లు మాస్టారి వైపు తిరిగాడు.

"చూశానండి. నా వంతు కాదని నసిగేవాళ్లు చాలామందే, ఇది ఎవరో గుర్తులేదు గానీ నంబరు చూశాను. ఇరవై... ఇరవై ఏదో. ఇరవై ఒకటో, మూడో." కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంటున్నాడు. "రెండు అంకెలూ కళ్లముందే ఉన్నాయండి, ఒక్క నిమిషం..."

ఆ నిమిషం పూర్తి కాకూడదు. ఆవిడకి అంతే తెలుసు.

"నంబరెందుకండీ?" అంది. "సాక్షి కావాలంటే నేనున్నాను. పదకొండుసార్లూ పంపింది నేనే. నా పీరియడ్లోంచే. హాజరు పట్టీలో తేదీలతో సహా ఉంది. కింద నా సంతకం ఉంది."

డ్రిల్లు మాస్టారు కళ్లు తెరిచాడు. "పిల్లలు శుభ్రత నేర్చుకోవద్దాండీ? వాళ్లే ఇష్టంగా..."

"మరి మిగతావాళ్లు ఎప్పుడు నేర్చుకుంటారు మాస్టారూ?"

ఆ మాట అన్నది తనేనా అని ఆవిడ పక్కకి చూసినంత పనిచేసింది.

ప్రెసిడెంటు కళ్లజోడు తీశాడు. "వెనక వీధి పిల్లలు పదోక్లాసులో ఎంతమంది?"

"తొమ్మిదిమంది" అన్నాడు హెడ్మాస్టారు.

"పిలిపించండి. అయిదు నిమిషాల్లో తేలుతుంది."

"పిలిపించండి" అంది ఆవిడ. "నేనూ ఇక్కడే ఉంటాను. ఎవరు రాశారని మీరడగండి. పదకొండుసార్లు మిమ్మల్నే ఎందుకు పంపానని నేనడుగుతాను. వాళ్లు ఇంటికెళ్లి రెండూ చెబుతారు. వాళ్ల అమ్మానాన్నలు వస్తే ఏం చెప్పాలో మాత్రం నాకు తెలీదండి."

ప్రెసిడెంటు ఆవిడని కొత్తగా చూసినట్టు చూశాడు. కోపంగా కాదు, లెక్క వేస్తున్నట్టు. కోపంకన్నా దానికే ఆవిడకి ఎక్కువ భయమేసింది.

"మూడు రోజుల్లో సంజాయిషీ రాసివ్వండి" అన్నాడు చివరికి. "పిల్లలెవరూ రానక్కర్లేదు. వచ్చే ఏడాది సంగతి కమిటీ చూస్తుంది. కమిటీ అంటే తెలుసుగా?"

"తెలుసండి."

"వెళ్లండి."

మెట్ల మీద ఆవిడ కూలబడింది. తొమ్మిదేళ్లు కాపాడుకున్నది పది నిమిషాల్లో పోగొట్టుకుంది. ఇంటికెళ్లి ఏం చెప్పాలి? కాళ్లు పట్టుకుంటే ఇంకా ఒప్పుకుంటారేమోనని కూడా అనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడలేదు. గంట కొట్టారు కాబట్టి లేచింది.

మధ్యాహ్నం మొదటి పీరియడ్. పదో తరగతి. ఇరవై మూడో నంబరు తన చోట తను కూర్చుని ఉంది. బోర్డు మీద తేదీ వేసిందో లేదో, గుమ్మంలో అటెండరు.

"వెనక వీధివాళ్లని నలుగుర్ని పంపమన్నారు మేడమ్. డ్రిల్లు మాస్టారు."

అంటే ఇది తనకోసం. పంపుతుందో లేదో చూడ్డానికి. కిటికీ పక్క బెంచీల్లో ముగ్గురు అప్పటికే అలవాటుగా లేచారు. ఇరవై మూడో నంబరు అమ్మాయి మాత్రం లేవలేదు. ఆవిడకేసి చూస్తోంది. నలభై ఒక్కమందీ చూస్తున్నారు.

"కూర్చోండి" అంది ఆవిడ ఆ ముగ్గురితో. మాట సగమే వినపడింది. మళ్లీ చెప్పింది. "కూర్చోండి. పాఠం ఉంది."

అటెండరు ఇబ్బందిగా కదిలాడు. "నేనేమని చెప్పాలి మేడమ్?"

"నేను పంపలేదని చెప్పండి. పిల్లలు రాలేదని కాదు. నేను పంపలేదని."

"ఎందుకండీ మీకు ఈ గొడవ..."

"నాకూ అదే అనిపిస్తోంది బాబూ. వెళ్లి చెప్పండి."

అతను వెళ్లాడు. ఆవిడ తలుపు మూయబోయింది. గడియ రెండుసార్లు జారింది. రేడియో లేచి వచ్చి గడియ వేశాడు. నోరు మాత్రం విప్పలేదు.

పాఠం మొదలైంది. ఓటు గురించి ఏదో చెబుతోంది. ఒక చెవి మెట్ల మీదే ఉంది. బూట్ల చప్పుడు వినిపిస్తే సుద్ద ఆగిపోతుంది. చప్పుడు దూరమైతే కదులుతుంది. అలా రెండుసార్లయింది. మూడోసారి చప్పుడు తలుపు దాకా వచ్చి, అవతల కాసేపు నిలబడింది. ఆవిడ బోర్డు వైపు తిరిగి, తనేం రాస్తోందో తెలియకుండా రాస్తూ పోయింది. చప్పుడు వెనక్కి వెళ్లింది.

గంట కొట్టాక గాని వెనక్కి తిరగలేదు. పిల్లలందరూ ఆవిడ రాసినదాన్ని అక్షరం పొల్లుపోకుండా నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. ఆ నలుగురూ కూడా.

మర్నాడు కూడా ఆవిడకి మధ్యాహ్నం మొదటి పీరియడు పదో తరగతే.