జోడు తుపాకి, నా కంబళి

నేను ఎడంచేత్తో టీ గ్లాసు పట్టుకున్నానని నవ్వబాకండి. కుడిచెయ్యి లేస్తే కదా! ఎందుకు లేవదో వినండి.

పెనుకొండ గుట్ట కింద మాకు చెనిక్కాయ, అదే వేరుశెనగ, చేను ఉంది. కాయ గట్టిపడిందో లేదో అడవిపందులు దిగాయి. పోయిన ఏడు పక్క చేను రైతుకు ఒక మగపంది తొడ చీల్చింది. అప్పట్నుంచి దగ్గరికి పోయి అదిలించే ధైర్యం ఎవరికీ లేదు. మా నాయన నాటి ఒంటిగొట్టం తుపాకి తుప్పు పట్టింది. లైసెన్సు నా పేరునే ఉంది. పందుల్ని బెదిరించడానికి జోడుగొట్టాలది తెద్దామని హిందూపురం పోయాను. ధర్మవరంలో మగ్గం నేసే మా అల్లుడు తోడొచ్చాడు.

అంగడాయన రెండు తుపాకులు ముందర పెట్టాడు. “పెద్దాయనా, చలికి మందంగా కప్పుకుంటావు. ఈ పొట్టి మడమదైతే, వెనక చెక్క భుజానికి తొందరగా ఆనుతుంది.”

“పొట్టిది పిల్లోళ్లకియ్యప్పా! పంది ముందర నిలబడేది నేను.”

పలచటి చొక్కా మీద పొడుగుదాన్ని ఆనించి అద్దంలో చూసుకున్నాను. కొలిచి చేసినట్టుంది!

“మామా, ఆయన చెప్పేది ఇనుకో,” అన్నాడు అల్లుడు.

“నువ్వు చీరలు నేసుకో పోబ్బా. పందుల సంగతి నీకేం తెలుసు?”

మరుసటి రోజు తెల్లారుతూనే, మంచులో, కంబళి కప్పుకొని చేనికి పోయాను. గట్టు పక్కన మంద తవ్వుతోంది. పెద్ద మగపంది తలెత్తి నన్నే చూసింది. గాల్లోకి కాల్చాలని తుపాకి ఎత్తాను. మడమ పోయి చంకలో కంబళి మడతకు తగులుకుంది. లాగితే రాదు! పంది ఒక అడుగు ముందుకేసింది. నా వేళ్లు రెండు ట్రిగ్గర్ల మీదా ఒకేసారి పడ్డాయి. రెండు గొట్టాలూ కలిసి పేలాయి. నేను కంబళితో సహా సాలులో వెల్లకిలా పడ్డాను.

పందులు పారిపోయాయి. అది నిజం. కానీ నా అరుపులకు మా ఇంటామె, రాత్రి మా ఇంట్లోనే ఆగిన అల్లుడు, చుట్టుపక్కల కాపలావాళ్లు అందరూ పరిగెత్తి వచ్చి నన్ను మోసుకొని ఆస్పత్రికి పోయారు. చేను దగ్గర ఒక్కరూ లేరు. భుజానికి కట్టు కట్టించుకొని వచ్చేసరికి పందులు మళ్లీ వచ్చి పోయాయి; సగం చేను మడక దున్నినట్టుంది.

 

ఇప్పుడు మిగిలిన సగానికి మా ఇంటామే కాపలా. “ఒక్కదానివే యాడుంటావక్కా, తోడు రావల్లనా?” అని పక్క రైతు అడిగితే ఆమె చెప్పిన మాట ఊరంతా తిరుగుతోంది.

“పందులొస్తే టపాకాయలు కాలుస్తాలేప్పా. ఈయప్ప ఇట్లా రాకుండా చూడండి, చాలు.”