వఫ్రాలో ఏప్రికాట్ మొక్క

బోన్సాయ్ కోసం పూల ఏప్రికాట్ మొక్క వెతుక్కుంటూ కువైట్‌లో వఫ్రా తోటల దాకా వెళ్లాను. మొదలు లావుగా ఉండి, కింద నుంచే కొమ్మలు వేసిన మొక్క కావాలి నాకు. అక్కడో నర్సరీలో ఒక్కదానికీ కింద కొమ్మ లేదు, అన్నీ కర్రల్లా నున్నగా కోసేశారు. నాకు ఒళ్లు మండింది. కత్తెర పట్టుకున్నతను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, దగ్గరికెళ్లి దులిపేశాను.

"బుర్ర ఉండే కోశావా? ముదురు మానుకి మళ్లీ చిగురొస్తుందా?"

"కఫీల్ కొయ్యమన్నాడు, కోసినా," అన్నాడు తల దించుకుని.

"మీ యజమానికి చెప్పడానికి నోరు లేదా?" అన్నాను.

అతను కత్తెర కింద పెట్టాడు.

"ఈడ తెలుగోళ్లు కనపడితే ముందు యా ఊరని అడుగుతారు సార్. మీరు అడగల్యా. మాది రాయచోటి. ఇంక తిట్టండి."