పైన ఉన్నవాడి లెక్క

ఆ రేవులో అతన్ని అందరూ గడియారం అంటారు. పెళ్ళి పత్రికలో అచ్చయిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, ఇప్పుడు ఆ పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. యాభై ఏళ్ళ మనిషి. మధ్యాహ్నం నుంచి ఇంటి ముందుగదిలో కూర్చుని, సముద్రంలోకి దిగేవాళ్ళ రబ్బరు సూట్లకి పడిన చిరుగులు అతికిస్తాడు. పొద్దున పూట మాత్రం సముద్రంలోనే. అక్కడ అతని పనేమిటయ్యా అంటే, పైన ఉండటం.

నవ్వకండి. అది చిన్న పనేం కాదు. ఊపిరి బిగబట్టి అడుగుదాకా మునిగి, బల్లెం తుపాకీతో చేపను కొట్టుకొచ్చి హోటళ్ళకి అమ్మేవాళ్ళు ఆ రేవులో ఇరవైమంది దాకా ఉన్నారు. వీపున సిలిండరు ఉండదు, నోట్లో గొట్టం ఉండదు. ఎంత ఊపిరి పీల్చుకుని దిగాడో అంతే సొమ్ము. అందుకని ఒకడు మునిగితే ఒకడు పైన ఉండి తీరాలని వాళ్ళలో కట్టుబాటు. మునిగినవాడు పైకొచ్చాక నీళ్ళ మీద తేలే బోయా పట్టుకుని సేద తీరాలి. ఎంతసేపు తీరాలో చెప్పేది పైవాడు. మునిగేవాడు చేతికి వాచీ కూడా కట్టడు. టైము చూసుకుంటూ ఉంటే గుండె దడ పెరిగి ఊపిరి తరిగిపోతుందని పాతకాపుల మాట. కాబట్టి వాచీ పైవాడిదే, లెక్క పైవాడిదే. ఆ లెక్కకి ఎదురు చెప్పడం ఉండదు.

గడియారం పాతికేళ్ళుగా పైన ఉంటున్నది తన బావ కోసం. అంటే అక్క మొగుడు. వయసు యాభై ఆరు. రేవులో అతనికి ఉక్కుకాళ్ళు అని పేరు, ఆ పేరంటే ఆయనగారికి మహా ముద్దు. ముప్పై ఏళ్ళుగా గట్టి బ్లేడ్ల ఫిన్లు తప్ప తొడిగి ఎరగడు. ఫిన్లంటే కాళ్ళకి వేసుకునే ఈత రెక్కలు. వీళ్ళవి పిల్లలు ఈతకొలనులో వేసుకునే పొట్టివి కాదు, పాదం తొడుగు కాక బ్లేడే దాదాపు గజం పొడవు. బ్లేడు గట్టిదైతే ఒక్క తన్నుకి ఎక్కువ దూరం పోవచ్చు. నిజమే. కానీ ఆ తన్ను తన్నాల్సింది తొడ. తొడ ఎంత కష్టపడితే ఊపిరి అంత ఖర్చు. పాతికేళ్ళ తొడకి ఆ ఖర్చు తెలియదు, యాభై ఆరేళ్ళ తొడకి తెలుస్తుంది. ఈ ముక్క చెప్పబోయిన వాళ్ళంతా చెవిటివాడి ముందు శంఖం ఊది వెళ్ళినవాళ్ళే.

"మెత్త బ్లేడ్లు సరదాకొచ్చే వాళ్ళకిరా," అనేవాడు బావ. "నేను పైన రెండు నిమిషాలు ఆగితే చాలు, మళ్ళీ దిగుతా. ఎవడున్నాడు ఈ రేవులో అలాంటోడు? వాచీ నీ దగ్గరే ఉందిగా, నువ్వే చెప్పు."

వాచీ గడియారం దగ్గరే ఉంది. వచ్చిన చిక్కల్లా అదే.

ఆరేళ్ళ కిందట ఒక పొద్దున, పద్దెనిమిది మీటర్ల అడుగునున్న రాతి అరుగు మీద నుంచి బావ పైకి వచ్చాడు. తల నీళ్ళపైకి వచ్చింది, ఒక్క ఊపిరి పీల్చాడు, అంతే. కళ్ళు తేలేశాడు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. గడియారం ఒక చేత్తో గడ్డం పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో చెంపలు వాయించాడు. కాసేపటికి బావ దగ్గి, కళ్ళు తెరిచి, "ఏంట్రా, చెయ్యి లేస్తోంది?" అన్నాడు. తను స్పృహ తప్పాడన్న సంగతే అతనికి తెలియదు. "తప్పావు బావా" అని చెప్పబోతే, "ముసలితనం నీకొచ్చింది, నాక్కాదు" అని నవ్వి, బోయా పక్కన ఉమ్మేసి మళ్ళీ దిగడానికి సిద్ధమయ్యాడు.

గట్టిగా చెబితే నమ్మడు, నమ్మితే గుండె చెదిరి పని మానేస్తాడు, మానేస్తే ఆ ఇల్లు గడవదు. గడియారానిది అడకత్తెరలో పోకచెక్క బతుకైపోయింది. మర్నాడు బావ తేలి బోయా పట్టుకున్నాక, రెండు నిమిషాలు దాటి పది సెకన్లు పోయాక "రెండైంది" అన్నాడు. బావ కనిపెట్టలేదు. వారం తర్వాత ఇంకో పది. ఆ పై వారం ఇంకో పది. మధ్యలో అనుమానం రాకుండా ఉండటానికి ఊళ్ళో కబుర్లన్నీ ఎత్తుకునేవాడు. ఫలానా ఇంట్లో పందిరి కూలింది, ఫలానావాడి అత్తగారు అలిగింది. "నీ సొల్లు ఆపరా, చెవులు చిల్లులు పడుతున్నాయి" అని బావ తిట్టేవాడు. తిట్టనీ, తిట్టినంతసేపూ ఊపిరి నిండుతుందని గడియారం లోలోపల సంతోషపడేవాడు. మూడు నెలలు తిరిగేసరికి రెండు నిమిషాలు నాలుగయ్యాయి. బావ మాత్రం రేవంతా తిరిగి తన రెండు నిమిషాల గొప్ప చెప్పుకున్నాడు. అలా ఆరేళ్ళు గడిచాయి.

ఇప్పుడు గడియారం కుడికంట్లో శుక్లం ముదిరింది. శుక్రవారం ఆపరేషను. మూడు నెలలు ఉప్పునీళ్ళ జోలికి పోకూడదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. శనివారం నుంచి ఆ మూడు నెలలూ పైన ఉండేది బావ అల్లుడు. పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు, బంగారం లాంటి పిల్లాడు. వాడితో తంటా ఏమిటంటే అబద్ధం ఆడటం చేతకాదు. రెండు నిమిషాలంటే నిఖార్సైన రెండు నిమిషాలకే "కానీండి మావయ్యా" అంటాడు. అసలు సంగతి వాడి చెవిన వేస్తే సాయంత్రానికి పెళ్ళానికి తెలుస్తుంది, రాత్రికి అక్కకి తెలుస్తుంది, తెల్లారేసరికి అక్క ఆ తుపాకీని పొయ్యిలో పెడుతుంది. చెప్పకపోతే, గట్టి బ్లేడ్లతో, సగం ఊపిరితో, బావ ఆ రాతి అరుగు మీదికి దిగుతాడు. ఎన్నిసార్లు పైకొస్తాడో చెప్పలేం.

ఇలా మింగలేక కక్కలేక ఉండగా, సోమవారం నాడు బావ కుడికాలి బ్లేడు మొదట్లో బీటలు వారింది. కొత్త జత కొనాలి. గడియారానికి ప్రాణం లేచొచ్చింది. ఎలాగోలా మెత్త బ్లేడ్లు అంటగడితే ఊపిరి ఖర్చు తగ్గుతుంది, సగం గండం గడుస్తుందనుకుని తనూ వెంట బయల్దేరాడు.

ఫిన్లు అమ్మే కొట్టు రేవు వెనక సందులో ఉంది. పొడుగాటి గది, గోడల నిండా కొక్కేలకి వేలాడే బ్లేడ్లు, లోపలంతా కొత్త రబ్బరు వాసన. కొట్టు నడిపే ఆవిడని అందరూ పిన్ని అంటారు. ఒకప్పుడు ఆవిడా మునిగిన మనిషే, ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. ఆవిడ దగ్గర బేరం అంత తేలిగ్గా తెమలదు. ముందు తడి మేజోడు తొడిగిస్తుంది, ఆ మేజోడుతోనే పాదం తొడుగులోకి దింపిస్తుంది, మెట్టు మీద నిలబెట్టి మడమ ఎత్తమంటుంది. మడమ జారిందా, ఎంత డబ్బిస్తానన్నా ఆ జత అమ్మదు.

బావ లోపలికి వస్తూనే కార్బన్ బ్లేడొకటి అందుకుని, పొట్టకి ఆనించి రెండు చేతులతో వంచి చూశాడు. ఫిన్లు కొనొచ్చిన ప్రతివాడూ చేసే పనే అది.

"చేత్తో వంచకు నాయనా," అంది పిన్ని. "నీళ్ళలో చేతుల్తో తన్నుతావా?"

ఆవిడ మూడు బ్లేడ్లు తీసి బల్ల అంచున బిగించి, కొసలకి తలో సీసపు దిమ్మె వేలాడదీసింది. మెత్తది బాగా కిందికి వాలింది, నడిమిది సగం వాలింది, గట్టిది ఇంచుమించు తిన్నగానే ఉంది.

"అదీ! నాది అదీ!" అన్నాడు బావ, గట్టిదాన్ని చూపించి.

"వయసు పెరిగింది కదా బావా, ఈ మెత్తది ఒకసారి..." అని గడియారం నసిగాడు.

"ఎవడికిరా వయసు? పిన్నీ, వీడికి కంట్లో శుక్లం, బుర్రలో కూడా వచ్చినట్టుంది."

పిన్ని నవ్వలేదు. ఆవిడ ప్రశ్నలు ఆవిడవి. బరువెంత, ఎంత లోతు, పొద్దుటికి ఎన్నిసార్లు దిగుతావు, ఒకసారి దిగితే ఎంతసేపు. బావ అన్నిటికీ టకటకా చెప్పాడు. ఒకసారి దిగితే నిమిషంన్నర.

"పైకొచ్చాక ఎంతసేపు ఆగుతావు?"

"రెండు నిమిషాలు!"

"నిన్ను అడగలేదు. పైవాణ్ణి అడుగుతున్నా," అని ఆవిడ గడియారం వైపు తిరిగింది. "ఏం నాయనా, రెండేనా?"

ఆరేళ్ళ అలవాటు. "రెండే పిన్నీ" అనేసింది నోరు.

"అయితే ఇంకేం? నిమిషంన్నర మునిగి రెండు నిమిషాల్లో తేరుకుంటున్నాడంటే ఆ తొడల్లో ఇంకా జీవం ఉంది. నేను మెత్తవే ఇద్దామనుకున్నా గానీ, ఈయనకి గట్టివే సరి," అని పిన్ని ముక్కాలిపీట జరుపుకుని, పైకొక్కెం నుంచి గట్టి జత దించింది.

 ఆవిడ గడియారం పక్షమే మాట్లాడేది, అతని నోరే చెడగొట్టింది. బావ ఎడమపాదం తొడుగులోకి దిగింది. పిన్ని వంగి మడమ దగ్గర వేలు పెట్టి చూసి, బాగుందంది. బావ కుడిపాదానికి మేజోడు సవరించుకుంటున్నాడు. ఆ పాదం కూడా దిగితే బేరం అయిపోయినట్టే, ఆ ఫిన్లే శనివారం సముద్రంలోకి దిగుతాయి.

"రెండు కాదు పిన్నీ," అన్నాడు గడియారం. "నాలుగు."

బావ తలెత్తాడు. "ఏంటి నాలుగు?"

"నువ్వు పైన ఆగేది నాలుగు నిమిషాలు బావా. నేను రెండని చెబుతున్నా."

బావ ముందు పకపకా నవ్వాడు. ఎదుటివాడు నవ్వకపోయేసరికి ఆపేశాడు. "నాకు రెండు నిమిషాలేంటో తెలీదూ? పిన్నీ, ఆ గోడగడియారం చూడు. నేను కళ్ళు మూసుకుంటా. రెండు నిమిషాలవగానే చెయ్యెత్తుతా. వీడి వాగుడేంటో తేలిపోతుంది," అని ఒక కాలికి ఫిన్నుతోనే వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

బావ నీళ్ళ మీద సేదతీరినట్టే నెమ్మదిగా ఊపిరి తీస్తున్నాడు. రెండు నిమిషాలు దాటింది. మూడు దాటింది. పిన్ని బావమరిది మొహంలోకి చూసింది, అతను నేల చూపులు చూశాడు. అప్పుడు బావ ధీమాగా చెయ్యెత్తి, "రెండు!" అన్నాడు.

"నాలుగు నిమిషాల పది సెకన్లు," అంది పిన్ని.

"నీ గోడగడియారం దండగమారిది," అన్నాడు బావ. కిందపడ్డా తనదే పైచేయి కావాలి కదా. గడియారం చేతి వాచీ లాక్కుని పిన్ని చేతిలో పెట్టి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఈసారి నాలుగుకి ఐదు సెకన్లు తక్కువ.

బావ మొహంలో రంగు మారింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరేళ్ళు."

"ఆరేళ్ళు! రేవంతా చెప్పుకు తిరిగానుకదరా! నన్ను వెర్రివాణ్ణి చేసి ఆడించావా? అక్క మొగుణ్ణని కూడా లేదు?"

గడియారం పాతికేళ్ళలో బావకి ఎదురు చెప్పింది లేదు. ఇప్పుడు మాత్రం ఆగలేదు. "ఆ రోజు నీ చెంపలు ఎందుకు వాయించాననుకున్నావు? నువ్వు పోయావు బావా. పదకొండు సెకన్లు ఊపిరి లేదు. వాచీ నా చేతికే ఉంది, చూస్తూనే ఉన్నా. అక్క దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలా అనుకుంటూ ఒక్కో సెకనూ లెక్కపెట్టా. మర్నాడు నువ్వు మళ్ళీ రెండు నిమిషాలన్నావు. నాకు భయమేసింది. అందుకే అబద్ధమాడా. తిట్టుకో, కొట్టుకో, ఇక పైన ఉండొద్దంటే ఉండను. కానీ శనివారం అల్లుడు నీకు నిజం రెండు నిమిషాలు చెబుతాడు."

అనేసి కళ్ళు తుడుచుకున్నాడు. శుక్లం ఉన్న కన్నూ, లేని కన్నూ రెండూ కారుతున్నాయి.

"బావమరిది బతకకోరతాడని పెద్దలు ఊరికే అన్నారా," అంది పిన్ని, ఎవరి వైపూ చూడకుండా.

పదకొండు అని బావ ఒకసారి తనలో తను అనుకున్నాడు. తర్వాత వంగి ఎడమకాలి ఫిన్ను ఊడదీశాడు. బాగా పట్టుకున్న తొడుగు, తేలిగ్గా రాలేదు. "ఆ మెత్తవి ఇలా ఇవ్వు పిన్నీ," అన్నాడు.

పిన్ని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మేజోడు తడిపించింది, రెండు పాదాలూ దింపించింది, మెట్టెక్కించింది, మడమలెత్తించింది. ఎడమది కాస్త వదులనిపించి సైజు మార్చింది. బావ నోరెత్తకుండా ఆవిడ చెప్పినట్టల్లా చేశాడు. అతను ఎవరి మాటైనా అలా వినడం గడియారం ఎప్పుడూ చూడలేదు.

సందులోకి వచ్చాక బావ ఫిన్ల సంచీ భుజాన వేసుకుని ముందు నడిచాడు. గడియారం రెండడుగులు వెనక. ఇద్దరి మధ్యా మాటలు ఉన్నాయో పోయాయో అతనికి తెలియడం లేదు. సందు మలుపులో బావ ఆగాడు.

"అల్లుడికి నాలుగని చెప్పు," అన్నాడు, వెనక్కి తిరగకుండా.

"చెబుతా బావా."

"వాడు మాత్రం నాకు రెండనే చెప్పాలి."

"వాడికి అబద్ధం రాదు బావా."

"రాకపోతే నేర్పు. శుక్రవారం దాకా టైముంది. నాకు ఆరేళ్ళు చెప్పినవాడివి, నీకు తెలీని పనా?"

గడియారం సరేనన్నాడు. బావ ఇంకా కదల్లేదు. "పందిరి కూలిందన్నావే, ఆ ఇంటివాళ్ళు మళ్ళీ వేసుకున్నారా?" అని అడిగాడు.